విడాకుల తర్వాత పీఎఫ్ సొమ్ము: ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు



ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పమంటే జ్వరాల గురించి, పిల్లల పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి చెబుతాం. విడాకుల గురించి చెప్పేవారు అరుదు. విడాకుల తర్వాత చేతిలో ఎంత మిగిలింది, అరవై ఏళ్లు వచ్చాక ఎలా బతకాలి అన్న మాట అసలే బయటికి రాదు. సిగ్గు అడ్డు వస్తుంది. ఎవరినీ అడగలేక, తొందరలో రెండు పనులు జరిగిపోతుంటాయి. ఒకటి, పెద్దల ముందు ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టేయడం. రెండు, కిరాయికీ పిల్లల ఫీజులకూ సరిపోక పీఎఫ్ డబ్బు మొత్తం తీసేయడం. ఈ రెండిటి నష్టం వెంటనే కనబడదు. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత, ఒంట్లో ఓపిక తగ్గాక కనబడుతుంది.

విడాకుల విషయంలో వాక్యం ఏమి బోధిస్తుందన్న చర్చ ఈ వ్యాసంలో చేయడం లేదు. ఇల్లు రెండైపోయిన వారు మన మధ్య ఉన్నారు, వారికీ వృద్ధాప్యం వస్తుంది. వారి కోసం మేము చెప్పదలచుకున్నది ఇది: ముసలితనానికి దాచిన సొమ్ము గురించి విడాకుల తీర్పు రాకముందే కోర్టులో అడగాలి; తీర్పు వచ్చాక, మిగతా దారులన్నీ చూశాకే ఆ సొమ్మును ముట్టుకోవాలి.

ముందుగా ఒక లెక్క

పురానాపూల్ వంతెన 1578లో కట్టినది, చార్మినార్ కంటే పాతది. ఆ వంతెనకు ఇటూ అటూ ఉన్న బస్తీల్లో చిన్న జీతాల కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రైవేటు స్కూలు టీచర్లు, నర్సింగ్ హోముల్లో ఆయాలు, బేగంబజార్ దుకాణాల్లో లెక్కలు రాసేవారు, కూరగాయలు అమ్ముకునేవారు. వీరిలో కొందరికి పీఎఫ్ ఉంటుంది, కొందరికి ఏమీ ఉండదు. ఇద్దరి సంగతీ చూద్దాం.

ఉదాహరణకు ఒక సహోదరిని ఊహించుకుందాం. వయసు 42. ప్రైవేటు స్కూల్లో టీచర్. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 12,000 రూపాయలు. పీఎఫ్ కట్టడం మొదలై 9 ఏళ్లయింది. ఇద్దరు పిల్లలు. విడాకులు వచ్చాయి. స్కూలు మానేసి, అమ్మగారింటికి దగ్గరగా ఇంకో ఉద్యోగం చూసుకుందామని అనుకుంటున్నారు. ‘ఈలోగా పీఎఫ్ మొత్తం తీసేస్తే కష్టం గట్టెక్కుతుంది కదా’ అని ఎవరో సలహా ఇచ్చారు.

ఆమె పీఎఫ్‌లో నిజానికి రెండు సంచులున్నాయి. ఆమె జీతం నుంచి 12 శాతం, యాజమాన్యం వాటాలో 3.67 శాతం భవిష్య నిధి ఖాతాలో పడతాయి. దానికి వడ్డీ వస్తుంది. 2024-25కు అది 8.25 శాతం. యాజమాన్యం వాటాలో మిగిలిన 8.33 శాతం పింఛను పథకానికి వెళుతుంది. ఈ రెండో సంచి పాస్‌బుక్‌లో చిన్నగా కనిపిస్తుంది గనుక చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు.

మొదటి సంచిలో 2 లక్షలు ఉన్నాయనుకుందాం. ఆమె కొత్తగా ఏమీ కట్టకపోయినా, ఏటా 8 శాతం వడ్డీ వస్తుందనుకుంటే, 58 ఏళ్లు వచ్చేసరికి ఆ 2 లక్షలు సుమారు 6 లక్షల 85 వేలు అవుతాయి. వడ్డీ ఏటా మారుతుంది, ధరలూ పెరుగుతాయి, ఆ మాట నిజమే. అయినా ఈ రోజు తీసిన 50 వేలు అప్పటి లెక్కలో సుమారు 1 లక్షా 71 వేలతో సమానమని గుర్తుంచుకోవాలి.

రెండో సంచి ఇంకా ముఖ్యం. పింఛను రావాలంటే 10 ఏళ్ల సర్వీసు కావాలి. పింఛను లెక్కించే పద్ధతి సులువు: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఆమె 58 ఏళ్ల దాకా అదే జీతం మీద పనిచేస్తే 25 ఏళ్ల సర్వీసు అవుతుంది. అంటే నెలకు సుమారు 4,285 రూపాయలు, బతికినంత కాలం. 9 ఏళ్ల దగ్గర ఆ డబ్బు వెనక్కి తీసుకుంటే ఆమె చేతికి వచ్చేది తొమ్మిది, పది నెలల మూలవేతనం అంత మాత్రమే. కొత్త ఉద్యోగంలో సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 16 ఏళ్లకు పింఛను 2,742 రూపాయలు వస్తుంది. నెలకు 1,500 రూపాయలకు పైగా తేడా. డెబ్బై ఏళ్ల వయసులో మందుల దుకాణం ముందు నిలబడినప్పుడు ఆ 1,500 ఎంత పెద్ద మొత్తమో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఉద్యోగం మారినప్పుడు పాత ఖాతాను అదే యూఏఎన్ నంబరు మీద కొత్త యాజమాన్యానికి బదిలీ చేయించుకోవాలి. వెంటనే ఉద్యోగం దొరకకపోతే, పింఛను డబ్బు తీసుకునే బదులు అదే 10సి ఫారంతో స్కీమ్ సర్టిఫికెట్ అడగవచ్చు. పాత సర్వీసు అందులో భద్రంగా ఉంటుంది. 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు పాక్షికంగా డబ్బు తీసుకోవడాన్ని సులభం చేస్తూనే, ఖాతాలో 25 శాతం ఎప్పుడూ నిలవ ఉండాలని, ఉద్యోగం పోయాక పింఛను భాగం తీసుకోవడానికి 36 నెలలు ఆగాలని నిర్ణయించింది. తొందరలో ఖాతాలు ఖాళీ చేసి ముసలితనంలో చిక్కుల్లో పడుతున్నవారిని చూసే ఈ జాగ్రత్త. మీరు దరఖాస్తు పెట్టే రోజుకు ఏ నిబంధన అమల్లో ఉందో బర్కత్‌పురాలోని భవిష్య నిధి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

‘సగం నీదే’ అన్న మాట ఇక్కడ చెల్లదు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువులు ఫోన్ చేసి, ‘ఆయన పీఎఫ్‌లో సగం నీకు రావాలి’ అంటారు. వారు చూసిన లోకంలో అది చాలావరకు సరైన మాటే. అమెరికాలో 1984 నాటి చట్టం తర్వాత, కోర్టు ప్రత్యేక ఉత్తర్వు ఇస్తే కంపెనీ పింఛను ప్లానే మాజీ భార్యకు లేదా భర్తకు వాటా నేరుగా చెల్లిస్తుంది. ఇంగ్లండ్‌లో 2000 డిసెంబర్ నుంచి విడాకుల సమయంలో పింఛను పంచే పద్ధతి ఉంది.

మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. పెళ్లయినంత మాత్రాన భర్త సంపాదనలో సగం భార్యది కాదు, భార్య సంపాదనలో సగం భర్తది కాదు. పైగా భవిష్య నిధి ఖాతాలో ఉన్న సొమ్మును కోర్టు కూడా జప్తు చేయలేదు. చట్టం దానికి ప్రత్యేక రక్షణ ఇచ్చింది. పీపీఎఫ్‌కూ అలాంటి రక్షణ ఉంది. ఇది విని చాలామంది సహోదరీలు ‘అయితే నాకేమీ రాదన్నమాట’ అని ఊరుకుంటారు. అక్కడే పొరబాటు జరుగుతుంది.

ఆ ఖాతాను ముక్కలు చేయకపోయినా, భరణం ఎంత ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు కోర్టు భర్తకున్న ఆస్తినీ శక్తినీ చూస్తుంది. అందులో పీఎఫ్, గ్రాట్యుటీ, పాలసీలు, డిపాజిట్లు అన్నీ వస్తాయి. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది: మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం వేయాలి. అబద్ధం రాస్తే చర్య ఉంటుంది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని కూడా ఆ తీర్పు చెప్పింది. కాబట్టి దరఖాస్తు ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే.

క్రైస్తవ వివాహాలకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. అందులో పాతకాలపు ఒక పరిమితి ఉండేది: విచారణ సమయంలో ఇచ్చే మధ్యంతర భరణం భర్త సగటు ఆదాయంలో ఐదో వంతు దాటకూడదని. 2001 సవరణలో ఆ పరిమితి తీసేశారు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే 10ఏ సెక్షన్ కూడా ఆ సవరణతోనే వచ్చింది. ఇప్పుడు 36వ సెక్షన్ కింద మధ్యంతర భరణం కోరవచ్చు. నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. 37వ సెక్షన్ కింద శాశ్వత భరణం కోరవచ్చు. ఆ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ముకు తగిన హామీ ఏర్పాటు చేయమని కూడా కోర్టు భర్తను ఆదేశించగలదు. ఈ హామీ మాట మన సహోదరీలు తప్పక గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే నెలనెలా వచ్చే భరణం భర్త జీతం మీద నిలబడి ఉంటుంది. ఆయన కట్టకపోతే, మనోవర్తి తీర్పు అమలు కోసం జీతంలో మూడింట రెండు వంతుల దాకా జప్తు చేసే అవకాశం ఉంది. ఆయన రిటైరయ్యాక జప్తు చేయడానికి జీతమే ఉండదు. అప్పటికి ఈమెకూ యాభై అయిదో, అరవయ్యో వస్తాయి. కనుక భర్తకు రిటైర్మెంట్ దగ్గరపడి ఉంటే, ఒకేసారి ఇచ్చే మొత్తమో, ఇంటి మీదో స్థలం మీదో హామీయో అడగడం మంచిదేమో న్యాయవాదితో మాట్లాడాలి.

ఇంకొక విషయం. విడాకుల తర్వాత ఆమె ఆయనకు భార్య కాదు. ఆయన చనిపోతే వచ్చే వితంతు పింఛను హక్కు ఆమెకు ఉండదు. పిల్లల హక్కు మాత్రం పోదు. భర్త ప్రభుత్వోద్యోగి అయినా, పీఎఫ్ పింఛను ఉన్నవాడైనా, ఇది ముందే తెలుసుకోవాలి. కలిసి ఉండలేని పరిస్థితి ఉండి, మళ్లీ పెళ్లి ఆలోచన లేనివారికి న్యాయపరమైన వేర్పాటు అనే మరో దారి చట్టంలో ఉంది. అందులో వివాహబంధం చట్టం దృష్టిలో నిలిచే ఉంటుంది. ఏది మేలో ఒక్కొక్క ఇంటిని బట్టి ఉంటుంది గాని, తెలియక ఎంచుకోకూడదు.

మన కుటుంబాల్లో కొన్ని పెళ్లిళ్లు చర్చిలో జరిగినా రిజిస్ట్రేషన్ వేరే చట్టం కింద ఉంటుంది. మీ వివాహ ధ్రువపత్రం మీద ఏ చట్టం పేరు ఉందో ముందుగా చూసుకోండి. ఏ చట్టమైనా సరే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 144వ సెక్షన్ కింద, తనను తాను పోషించుకోలేని భార్య, మళ్లీ పెళ్లి చేసుకోని విడాకులు పొందిన స్త్రీ, పిల్లలు మనోవర్తి కోరవచ్చు. దీనికి మతంతో సంబంధం లేదు.

పెద్దల కాగితం

ఇక సంఘ పెద్దలకు ఒక మాట. గొడవ పెద్దదైనప్పుడు ఇరువైపుల పెద్దలు, ఒక్కోసారి కాపరులు కూడా కూర్చుని, ‘ఇంత ఇచ్చి తెగతెంపులు చేసుకోండి’ అని కాగితం రాయిస్తారు. దాని చివర ‘ఇకమీదట నాకు ఎటువంటి హక్కూ లేదు’ అనే వాక్యం ఉంటుంది. ఆ కాగితంతో క్రైస్తవ వివాహం రద్దు కాదు. చర్చి న్యాయపీఠం ఇచ్చిన విడాకులకు కూడా పౌర చట్టం ముందు విలువ లేదని, ఈ అంశం మీద వచ్చిన పిటిషన్‌ను కొట్టివేస్తూ 2017 జనవరిలో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. విడాకులు ఇచ్చేది కోర్టు మాత్రమే. సమాధానపరచడం మన పని; లెక్క తేల్చడం మన పని కాదు. తొందరపెట్టి సంతకం పెట్టించిన పెద్దలు ఆ సహోదరి ముసలితనానికి కూడా బాధ్యత తీసుకోగలరా అని తమను తాము అడగాలి.

‘లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేదు’ అనేవారు తెలుసుకోవలసింది ఏమిటంటే, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. షెడ్యూల్డు కులాలు, తెగల వారికీ అంతే. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పురానాపూల్ నుంచి పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టు ఎంతో దూరం లేదు.

డబ్బు సరిపోనప్పుడు ఏ వరుసలో వెళ్లాలి

రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలో అప్పులవాడు తన పిల్లలను తీసుకుపోతాడని ఏడ్చిన విధవరాలి సంగతి మనకు తెలుసు. ఎలీషా ఆమెను అడిగిన ప్రశ్న, ఇంట్లో ఏముంది అని. తర్వాత చెప్పిన వరుస: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి. ఆ వరుసలో మనకు పనికొచ్చే జ్ఞానం ఉంది.

మొదట, ఇంట్లో ఏముందో ఒక కాగితం మీద రాయండి. కిరాయి, బియ్యం, కరెంటు, ఫీజులు, మందులు, అప్పుల వడ్డీ ఒక పక్క. జీతం, బంగారం, డిపాజిట్లు, రావలసిన బాకీలు ఇంకో పక్క. ఎంత తక్కువ పడుతుందో నెలకు ఇంత అని అంకె తెలియాలి. అంకె తెలియని భయం మొత్తం ఖాతాను ఖాళీ చేయిస్తుంది. నెలకు 3,000 తక్కువైతే దానికి 2 లక్షలు తీయాల్సిన పని లేదు.

రెండు, రావలసినది అడగండి. మధ్యంతర భరణం దరఖాస్తు, పిల్లల మనోవర్తి. అలాగే రేషన్ కార్డులో పేర్లు మార్పించుకోవడం. తెలంగాణలో ఆసరా పింఛన్లలో 2017లో ఒంటరి మహిళలను కూడా చేర్చారు. 2019 నుంచి ఆ మొత్తం నెలకు 2,016 రూపాయలు అయింది. అర్హత ఉందేమో అడిగి చూడడంలో తప్పు లేదు. ఫీజులు మోయలేకపోతే పిల్లల కోసం ప్రభుత్వ గురుకులాల ప్రవేశ ప్రకటనలు చూడండి. స్కూలు మార్చడం ఓటమి కాదు.

మూడు, కదలకుండా పడి ఉన్నవాటిని చూడండి. బీరువాలో ఉన్న నగ మీద మనసు పోతుంది, నిజమే. కాని నగ వడ్డీ తేదు, పీఎఫ్ తెస్తుంది. రెండిట్లో ఒకటి కరగాల్సి వస్తే నగే ముందు కరగాలి.

నాలుగు, అప్పులను వడ్డీని బట్టి వరుస పెట్టండి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. పీఎఫ్ ఇచ్చేది ఎనిమిది చిల్లర. ఇక్కడ మేము నిజం చెప్పాలి: ఇంకే దారీ లేక, అంత వడ్డీ అప్పు మెడ మీద ఉంటే, దాన్ని తీర్చడానికి సరిపడేంత మాత్రమే పీఎఫ్ నుంచి తీయడం లెక్క ప్రకారం తప్పు కాదు. ముందు బ్యాంకు బంగారు రుణంతోనో పొదుపు సంఘం రుణంతోనో ఆ అప్పును తక్కువ వడ్డీకి మార్చగలరేమో చూడండి. అదీ కాకపోతేనే పీఎఫ్. పింఛను సంచి జోలికి మాత్రం పోవద్దు. అయిదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను కూడా పడవచ్చు.

ఇక సహోదరులకు. భరణం ఒకేసారి కట్టడానికి పీఎఫ్ అంతా ఊడ్చి ఇచ్చి, అరవయ్యవ ఏట ఖాళీ చేతులతో మిగిలేవారూ ఉన్నారు. వాయిదాల్లో కట్టే ఏర్పాటును కోర్టులో కోరవచ్చు. అయితే జీతం తక్కువ చూపించడం, ఉద్యోగం మానేసి ఆదాయం లేదనడం, డబ్బును తమ్ముడి పేరుకు మార్చడం వంటివి దేవుని ముందూ కోర్టు ముందూ దాగవు. మీ పిల్లల అన్నం అందులో ఉంది.

పెద్ద మొత్తం చేతికొచ్చినప్పుడు

ఒకేసారి అయిదో, ఆరో లక్షలు భరణంగా వస్తే, వారం తిరగకుండా ఇంటికి వచ్చేవారు పెరుగుతారు. అన్నయ్య వ్యాపారానికి కొంచెం కావాలంటాడు. తెలిసినవారు రిజిస్ట్రేషన్ లేని చిట్టీలో వేయమంటారు. ఇంకొకరు ఇరవై ఏళ్ల పాలసీ కాగితాలు తెస్తారు. ‘మూడు నెలల దాకా ఈ డబ్బు కదపకూడదని మా కాపరిగారు చెప్పారు’ అని మా మీద నెట్టేయండి, పర్వాలేదు.

ఆ మూడు నెలలూ సొమ్మును మీ ఒక్కరి పేరున బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. అంతకన్నా ఎక్కువైతే రెండు బ్యాంకుల్లో పెట్టండి. తర్వాత నెలనెలా కొంత చేతికి రావాలంటే పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం ఉంది. ఒక్కరి పేరున 9 లక్షల దాకా వేయవచ్చు. ఒక భాగాన్ని పేరు పెట్టి ‘ముసలితనం’ అని పక్కన పెట్టండి. పేరు పెట్టని డబ్బు నిలవదు.

పీఎఫ్ లేనివారి సంగతి. కూరగాయలు అమ్మేవారు, ఇళ్లలో పనిచేసేవారు, దర్జీ పని చేసేవారు మాకు రిటైర్మెంట్ ఏమిటి అనుకుంటారు. వయసు 40 లోపు ఉండి ఆదాయపు పన్ను కట్టనివారు అటల్ పింఛను యోజనలో చేరవచ్చు. 30 ఏళ్ల వయసులో నెలకు 116 రూపాయలు కడితే 60 తర్వాత నెలకు 1,000. 577 కడితే 5,000. 35 ఏళ్లకు అదే 5,000 కోసం 902 కట్టాలి. నెల ఆదాయం 15,000 దాటని అసంఘటిత కార్మికులకు శ్రమ యోగి మాన్‌ధన్ పథకం ఉంది. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 కడితే కేంద్రం అంతే కలుపుతుంది, 60 తర్వాత 3,000 వస్తుంది. 40 దాటినవారికి పోస్టాఫీసు పీపీఎఫ్ ఉంది. ఏడాదికి 500 కట్టినా ఖాతా నిలుస్తుంది, 15 ఏళ్లు నడుస్తుంది. 45 ఏళ్ల సహోదరి ఈ రోజు తెరిస్తే 60 దాటాక చేతికొస్తుంది.

పేర్లు మార్చండి

విడాకుల తీర్పు వచ్చిన నెలలోనే చేయవలసిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. పీఎఫ్, బ్యాంకు, పోస్టాఫీసు, బీమా, అటల్ పింఛను, గ్రాట్యుటీ కాగితాల్లో నామినీగా ఎవరి పేరుందో చూడండి. పెళ్లయిన కొత్తలో రాసిన పేరు అలాగే ఉండిపోతుంది. తీర్పు వచ్చినంత మాత్రాన దానంతట అది చెరిగిపోదు. పీఎఫ్‌లో ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు. పిల్లలు మైనర్లయితే వారి తరఫున సొమ్ము అందుకునే పెద్దవారి పేరు కూడా రాయాలి. ఆ పెద్దవారు నమ్మదగినవారై ఉండాలి.

వీలునామా రాసి ఉంటే అది కూడా తీయండి. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది. విడాకులతో మాత్రం రద్దు కాదు. అందుకని కొత్తది రాయాలి. వీలునామా లేకపోతే, విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోనివారి ఆస్తి పిల్లలకు సమానంగా వెళుతుంది, కొడుకైనా కూతురైనా.

సంఘం చేయగలిగినది

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో, రోజూ జరిగే పంపకంలో కొందరు విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారన్న సణుగు వచ్చింది. అపొస్తలులు దాన్ని అల్పవిషయమని తోసిపుచ్చలేదు; ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. మన సంఘాల్లో విధవరాళ్ల జాబితా ఉంటుంది, క్రిస్మస్‌కు చీర ఇస్తాం, మంచిదే. విడాకులు పొందిన సహోదరి ఆ జాబితాలో ఉండదు. ఆమె ఇంటి కిరాయి మాత్రం విధవరాలి ఇంటి కిరాయి అంతే ఉంటుంది.

ఒక కుటుంబం పీఎఫ్ విరగ్గొట్టడానికి ముందు వచ్చే మూడు, నాలుగు నెలలే అతి కష్టమైనవి. మధ్యంతర భరణం ఉత్తర్వు వచ్చేదాకా, కొత్త ఉద్యోగంలో మొదటి జీతం పడేదాకా. ఆ కొద్ది నెలలు ఇంటి కిరాయి సంఘపు పేదల నిధి నుంచి కడితే, 16 ఏళ్ల తర్వాత ఆ సహోదరి నెలనెలా వచ్చే పింఛనును కాపాడినవారమవుతాం. మనం ఇచ్చే ఏ కానుకకూ ఇంత ఫలం ఉండదు.

డబ్బు లేని సంఘం కూడా ఒక పని చేయగలదు. ప్రతి సంఘంలో బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో, ఆఫీసులోనో పనిచేసే ఒకరిద్దరు ఉంటారు. నెలకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట ఒక గదిలో కూర్చుని, ఎవరికైనా పీఎఫ్ పాస్‌బుక్ చూపించడం, నామినీ మార్చడం, ఫారం నింపడం చేసి పెట్టాలి. అది విడాకుల వారికోసం అని ప్రకటించవద్దు. అందరికోసం అని చెప్పండి. అప్పుడు సిగ్గుపడేవారు కూడా వస్తారు. అక్కడ విన్న అంకెలు ఆ గది దాటి పోకూడదు.

స్త్రీల సమాజంలో ఆమె పక్క కుర్చీ ఖాళీగా వదిలేయకుండా ఉండడానికి మాత్రం ఏ నిధీ అక్కరలేదు.

ఈ వ్యాసం చదివిన మీలో ఎవరికైనా ఇది మీ సంగతే అయితే, ఈ వారం ఒక్క పని చేయండి. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి సర్వీసు ఎన్నేళ్లయిందో, నామినీగా ఎవరి పేరుందో చూడండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు ఆ రెండూ తెలిసి ఉండాలి. ప్రభువు మీకు తలవెంట్రుకలు నెరసే వరకు తోడై ఉండును గాక.